టైమ్ ఎంతైంది అని అడగకండి: పైథాన్ స్క్రిప్టుతో ఇంటర్నెట్ సమయం (ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయే విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక పైథాన్ స్క్రిప్టు ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ను సంప్రదించి సరైన సమయం తెలుసుకోవాలి, అంతే. వెతికితే పదిహేను వరుసల కోడ్ దొరుకుతుంది. అతికించుకుంటే నడుస్తుంది కూడా. కొన్నేళ్ల క్రితం నేనూ ఆ పనే చేశాను. రెండు యంత్రాల లాగ్‌లను, అంటే ఏది ఎప్పుడు జరిగిందో అవి రాసుకునే చిట్టాలను, ఒకచోట చేర్చి, ఏ సంఘటన ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో తేల్చే పని అప్పట్లో నా మీద పడింది. రెండు యంత్రాలూ నా స్క్రిప్టు ద్వారా ఒకే సర్వర్ దగ్గర సమయం తెచ్చుకుంటున్నాయి కాబట్టి వరుసక్రమానికి ఢోకా లేదనుకున్నాను. తీరా చూస్తే, రెండో యంత్రం పంపిన జవాబు మొదటి యంత్రం అడిగిన ప్రశ్న కంటే అర సెకను ముందే బయలుదేరినట్టు లాగ్‌లో నమోదై ఉంది.

ఆ పదిహేను వరుసలనూ ఎన్నిసార్లు చదివినా నాకు తప్పు కనిపించలేదు. ఎందుకంటే కోడ్ తాను చేస్తానన్న పని చేస్తూనే ఉంది. సర్వర్‌ను నేను "టైమ్ ఎంతైంది" అని అడుగుతున్నాను, అది చెబుతోంది, ఆ చెప్పినదాన్ని నేను నమ్ముతున్నాను. నేను అడగవలసిన ప్రశ్న వేరు: నా గడియారం ఎంత తేడాగా ఉంది, ఆ తేడాలో ఎంత అనిశ్చితి ఉంది? ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమే ఇవాళ్టి ప్రసంగం.

ముందుగా, కంప్యూటర్ గడియారం ఎందుకు తప్పుతుందో రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. మదర్‌బోర్డు మీద సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఒకటి ఉంటుంది. యంత్రం ఆపివేసి ఉన్నప్పుడు కాలాన్ని లెక్కపెట్టేది అదే. నడుస్తున్నప్పుడు ఆ పనిని మరో స్ఫటికం మీద ఆధారపడిన కౌంటర్ చేస్తుంది. చవక స్ఫటికానికి పది లక్షల్లో ఇరవై వంతుల తేడా మామూలు. వినడానికి స్వల్పంగానే ఉంటుంది కానీ, రోజుకు 86,400 సెకన్లు కనుక ఆ తేడా రోజుకు సుమారు 1.7 సెకన్లవుతుంది. పైగా ఉష్ణోగ్రతను బట్టి అది మారుతూ ఉంటుంది. కాబట్టి ఒకసారి సరిచేసి వదిలేస్తే కుదరదు.

దీనికి మందుగా పుట్టినదే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎన్‌టీపీ. దీనికంటే ముందు 1983లోనే 13వ పోర్టులో (పోర్టు అంటే యంత్రంలో ఒక్కో సేవకు కేటాయించిన సంఖ్య) డేటైమ్, 37వ పోర్టులో టైమ్ అనే రెండు సాదా ప్రోటోకాల్‌లు ప్రమాణాలుగా వచ్చాయి. అవి అచ్చంగా నా మొదటి ప్రశ్నకే జవాబిచ్చేవి. అడిగితే టైమ్ చెప్పి ఊరుకునేవి, దారిలో ఎంత ఆలస్యమైందో వాటికి పట్టదు. డెలవేర్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం పనిచేసిన డేవిడ్ మిల్స్ ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నారు. ఆయన రూపొందించిన ఎన్‌టీపీ 1985లో ఆర్‌ఎఫ్‌సీ 958గా వెలువడింది (ఇంటర్నెట్ ప్రమాణాలను ప్రకటించే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు). నేడు వాడుకలో ఉన్న నాలుగో వెర్షన్ 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5905లో ఉంది. ఇన్ని మార్పులు జరిగినా, మనకు అవసరమైన ప్యాకెట్, అంటే నెట్‌వర్క్ మీద పంపే చిన్న సందేశం, దాని రూపం మాత్రం పెద్దగా మారలేదు.

ఆ ప్యాకెట్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. అది మొత్తం 48 బైట్లు. యూడీపీ మీద, అంటే అందిందో లేదో చూసుకోకుండా ప్యాకెట్‌ను పంపే పద్ధతిలో, 123వ పోర్టుకు పంపుతాం. మొదటి బైటులో మూడు విషయాలు ఇరుక్కుని ఉంటాయి. మొదటి రెండు బిట్లు లీపు సెకను (భూభ్రమణంతో పొంతన కోసం అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) హెచ్చరిక, తర్వాతి మూడు బిట్లు వెర్షన్, చివరి మూడు బిట్లు మోడ్, అంటే పంపేది క్లయింటా సర్వరా అన్నది. క్లయింట్ మోడ్ సంఖ్య 3, వెర్షన్ 4, హెచ్చరిక సున్నా. ఈ మూడింటినీ బిట్లలో వరుసగా పేర్చితే 00 100 011 అవుతుంది, అంటే దశాంశంలో 35. మీరు చూసే చాలా కోడ్‌లలో ఈ స్థానంలో 27 ఉంటుంది, అది వెర్షన్ 3 కాలం నాటిది. మొదటి బైటులో 35 పెట్టి, మిగతా 47 బైట్లను సున్నాలతో నింపి పంపినా సర్వర్ జవాబిస్తుంది. అయితే అలా పంపవద్దని కాసేపట్లో చెబుతాను.

జవాబు కూడా 48 బైట్లే. పైథాన్‌లో బైట్లను సంఖ్యలుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్‌ను ఉపయోగించి, ముందు ఆశ్చర్యార్థకం పెట్టి, పన్నెండు పూర్ణాంకాలుగా విడగొడితే చాలు. ఆ ఆశ్చర్యార్థకం అలంకారానికి పెట్టినది కాదు. నెట్‌వర్క్ మీద పెద్ద బైటు ముందు వస్తుంది, మన ప్రాసెసర్‌లలో చాలావాటికి చిన్న బైటు ముందు ఉంటుంది. ఆ గుర్తు మరచిపోతే ప్రోగ్రామ్ ఏ ఫిర్యాదూ చేయకుండా, నోరు తిరగని ఏదో ఒక తేదీని మీ చేతిలో పెడుతుంది. పన్నెండు పూర్ణాంకాలను సున్నా నుంచి లెక్కపెడితే 6, 7 స్థానాల్లో మనం పంపిన సమయ ముద్ర (టైమ్‌స్టాంప్) తిరిగి వస్తుంది. 8, 9 స్థానాల్లో మన ప్రశ్న సర్వర్‌కు అందిన సమయం ఉంటుంది. 10, 11 స్థానాల్లో జవాబు అక్కడి నుంచి బయలుదేరిన సమయం ఉంటుంది. ప్రతి జంటలో మొదటిది 1900 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు, రెండోది సెకనులో భాగం. ఆ భాగాన్ని రెండు ఘాతం 32తో భాగిస్తే దశాంశ భాగం వస్తుంది.

నా పాత స్క్రిప్టు చేసిన నేరం ఇక్కడ బయటపడుతుంది. అది పదో స్థానంలోని సంఖ్యను మాత్రమే చదివేది. పదకొండో స్థానాన్ని ముట్టుకునేది కాదు. అంటే 12.98 సెకన్లయినా 12 సెకన్లే, 12.01 అయినా 12 సెకన్లే. రెండు యంత్రాలు వేర్వేరు క్షణాల్లో అడిగితే, ఒకదానికి దాదాపు సెకను నష్టం, మరోదానికి ఏమీ నష్టం లేదు. నానోసెకను కంటే సన్నని కొలతను ప్రోటోకాల్ ఉచితంగా ఇస్తుంటే, నేను దాన్ని చెత్తబుట్టలో వేసి, ఆపైన కాలక్రమం కుదరడం లేదని రెండు రోజులు తల పట్టుకున్నాను.

మరొక సంఖ్యను కూడా గుర్తుపెట్టుకోవాలి. పైథాన్‌తో సహా చాలా భాషలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెడతాయి. ఎన్‌టీపీ 1900 నుంచి లెక్కపెడుతుంది. మధ్యలో డెబ్భై ఏళ్లు, వాటిలో పదిహేడు లీపు సంవత్సరాలు, అంటే 25,567 రోజులు. వాటిని సెకన్లలోకి మారిస్తే 2,208,988,800. మీరు చదివే ఏ కోడ్‌లోనైనా ఈ సంఖ్య ఎక్కడి నుంచో ఊడిపడినట్టు కనిపిస్తే దాని పుట్టుక ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సర్వర్ జవాబులో రెండు ముద్రలున్నాయి. మన దగ్గర మరో రెండు ఉండాలి: ప్రశ్న పంపిన క్షణం, జవాబు అందిన క్షణం. కాలక్రమంలో వీటిని టీ1, టీ2, టీ3, టీ4 అంటారు. టీ1, టీ4 మన గడియారం చూసి రాసుకున్నవి. టీ2, టీ3 సర్వర్ గడియారం చూసి రాసినవి. ఒక ఉదాహరణ తీసుకుందాం. మన గడియారం 10.000 చూపుతుండగా ప్రశ్న పంపాం. సర్వర్ దాన్ని తన లెక్కలో 12.540కి అందుకుని, 12.541కి జవాబు పంపింది. మన గడియారంలో 10.081కి అది చేరింది.

టీ4 నుంచి టీ1 తీసేస్తే 81 మిల్లీసెకన్లు. అందులో సర్వర్ దగ్గర గడిచినది 1 మిల్లీసెకను. మిగిలిన 80 మిల్లీసెకన్లు రానుపోను దారి ఖర్చు. ఇక టీ2 నుంచి టీ1 తీసేస్తే 2.540, టీ3 నుంచి టీ4 తీసేస్తే 2.460, రెండింటి సగటు 2.500. అంటే మన గడియారం రెండున్నర సెకన్లు వెనుకబడి ఉంది. మొదటి తీసివేతలో వెళ్లేదారి ఆలస్యం కలిసింది, రెండో తీసివేతలో వచ్చేదారి ఆలస్యం తగ్గింది, సగటు కట్టేసరికి రెండూ పరస్పరం కొట్టుకుపోయాయి. మిల్స్ పద్ధతిలోని అందమంతా ఈ ఒక్క కూడిక, ఒక్క భాగహారంలో ఉంది. పాత పద్ధతిలో, జవాబు అందగానే గడియారాన్ని 12.541కి తిప్పుకునేవాళ్లం. ఆ క్షణానికి అసలు సమయం 12.581. ఒక్క దశాంశాన్ని కూడా వదలకుండా చదివినా 40 మిల్లీసెకన్లు వెనకే ఉండేవాళ్లం.

అయితే ఈ లెక్క ఒక ఊహ మీద నిలబడి ఉంది: వెళ్లే ఆలస్యం, వచ్చే ఆలస్యం సమానం. ఇంటర్నెట్‌లో అది నిజం కానవసరం లేదు. పోయేదారి ఒకటి, వచ్చేదారి మరొకటి కావచ్చు. అప్‌లోడ్ వైపు రద్దీ ఉండి డౌన్‌లోడ్ వైపు ఖాళీగా ఉండవచ్చు. మన 80 మిల్లీసెకన్లలో వెళ్లడానికి 60, రావడానికి 20 పట్టి ఉంటే, లెక్క కట్టిన తేడాలో 20 మిల్లీసెకన్ల తప్పు దూరుతుంది. ఎంత గొప్ప సూత్రం రాసినా, ఆ నాలుగు సంఖ్యల నుంచి ఈ తప్పును పట్టుకోలేం. పట్టుకోగలిగింది దాని హద్దును మాత్రమే. మొత్తం దారి 80 అయితే దారి వల్ల వచ్చే తప్పు 40కి మించదు. అందుకే నా ఫంక్షన్‌లు ఇప్పుడు తేడాను ఒంటరిగా తిరిగి ఇవ్వవు. 2.500, దాని పక్కనే 0.040, రెండూ కలిసి వస్తాయి. పిలిచిన కోడ్‌కు ఆ హద్దు సరిపోతుందో లేదో అదే నిర్ణయించుకుంటుంది. ముప్పై సెకన్లకోసారి మారే ఓటీపీని సరిచూడటానికి 40 మిల్లీసెకన్లు లెక్కలోకి రావు. రెండు యంత్రాల లాగ్‌లను కలపడానికి మాత్రం అవి ప్రాణం.

ఈ హద్దు చేతిలో ఉంటే మరో మంచి పని చేయవచ్చు. ఒకే సర్వర్‌ను కొన్ని సెకన్ల ఎడంతో నాలుగైదు సార్లు అడిగి, అన్ని తేడాల సగటు కట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నా సలహా, సగటు కట్టవద్దు. దారి ఖర్చు అతి తక్కువగా ఉన్న జవాబును ఉంచుకుని మిగతావి పారేయండి. ఆలస్యమైన ప్యాకెట్ ఏదో ఒక రౌటర్ దగ్గర వరుసలో నిలబడి ఉంటుంది. ఆ నిలబడటం సాధారణంగా ఒక దిశలోనే జరుగుతుంది కనుక అలాంటి జవాబుకు తప్పు కూడా ఎక్కువ. అన్నింటినీ కలిపి సగటు కడితే చెడ్డ కొలతల తప్పును మంచి కొలతకు అంటించినట్టవుతుంది.

ఇక టీ1, టీ4లను ఏ గడియారంతో కొలవాలి? చాలామంది టైమ్ మాడ్యూల్‌లోని టైమ్ ఫంక్షన్‌నే పిలుస్తారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ తన గడియారాన్ని సవరించుకుంటే ఆ కొలత అక్కడికక్కడే పాడవుతుంది. పైథాన్ 3.3 నుంచి మోనోటోనిక్ అనే ఫంక్షన్ ఉంది. అది చూపే సంఖ్యకు తేదీతో సంబంధం లేదు, వెనక్కి మాత్రం ఎప్పుడూ వెళ్లదు. టీ1, టీ4లను దానితోనే కొలవండి. అప్పుడు వచ్చే "తేడా" చాలా పెద్ద సంఖ్య అవుతుంది, ఎందుకంటే అది మోనోటోనిక్ కౌంటర్‌కూ అసలు కాలానికీ మధ్య దూరం. ఆ సంఖ్యను దాచుకుంటే, తర్వాత ఎప్పుడు సమయం కావాలన్నా మోనోటోనిక్ విలువకు దాన్ని కూడితే సరిపోతుంది. యంత్రం గడియారం 1970 అని చూపుతున్నా, ఎవరో మధ్యలో దాన్ని మార్చినా మీ స్క్రిప్టుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ లాగ్‌ల గొడవ తర్వాత నేను నేర్చుకున్నవాటిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన కిటుకు ఇది.

దీనికీ రెండు షరతులున్నాయి. మోనోటోనిక్ కౌంటర్ వెనుక ఉన్నదీ స్ఫటికమే కనుక, ఇందాకటి లెక్క ప్రకారం అది గంటకు 72 మిల్లీసెకన్ల వరకు జారవచ్చు. అనిశ్చితిని కూడా కాలంతోపాటు పెంచుకుంటూ పోయి, మీ హద్దు దాటబోతుండగా మళ్లీ అడగాలి. రెండోది, లైనక్స్‌లో ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్తే ఈ కౌంటర్ కూడా ఆగిపోతుంది. లేచాక అది నిద్రపోయిన కాలాన్ని లెక్కలోకి తీసుకోదు. అలాంటి చోట నిద్రపోయిన కాలాన్ని కూడా లెక్కపెట్టే బూట్‌టైమ్ గడియారాన్ని వాడాలి. పైథాన్ 3.7 నుంచి అది అందుబాటులో ఉంది.

విరామ సమయంలో ఒక మిత్రుడు, ఇంత కష్టపడే బదులు స్క్రిప్టుతోనే సిస్టమ్ గడియారాన్ని సరిచేయకూడదా అని అడిగారు. చేయవచ్చు, చేయవద్దని నా మనవి. ఆ పనికి క్రోనీ వంటి, వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండే ఎన్‌టీపీ ప్రోగ్రామ్‌లున్నాయి. అవి స్ఫటికం వేగాన్నే నేర్చుకుని, చిన్న తేడాలను గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపి సరిచేస్తాయి. సంప్రదాయ ఎన్‌టీపీ సేవ అలా సర్దే గరిష్ఠ వేగం పది లక్షల్లో 500 వంతులు, అంటే ఒక్క సెకను సర్దడానికి 2,000 సెకన్లు పడుతుంది. మన స్క్రిప్టు ఒక్క దెబ్బతో గడియారాన్ని వెనక్కి తిప్పితే, అదే యంత్రంలో నడుస్తున్న డేటాబేస్‌కు ఒకే సెకను రెండుసార్లు ఎదురవుతుంది. మన పని కొలవడం, హెచ్చరించడం, మన లాగ్‌లకు సరైన ముద్ర వేయడం. అక్కడితో ఆగుదాం.

జవాబును నమ్మే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మోడ్ 4 అయి ఉండాలి. లీపు హెచ్చరిక 3 అయితే సర్వర్ తన గడియారమే కుదురుకోలేదని చెబుతున్నట్టు. రెండో బైటు స్ట్రాటం, అంటే మూల గడియారం నుంచి ఎన్ని మెట్ల కింద ఉందో చెప్పే సంఖ్య. పరమాణు గడియారానికో జీపీఎస్ రిసీవర్‌కో నేరుగా కలిపిన సర్వర్ మొదటి మెట్టు. 16 అంటే సమన్వయం లేదని అర్థం. సున్నా వస్తే మరీ జాగ్రత్తగా చూడాలి. అది సమయం కాదు, మందలింపు. దానితోపాటు నాలుగు అక్షరాల సంకేతం ఉంటుంది. రేట్ అని ఉంటే మీరు మరీ తరచుగా అడుగుతున్నారని, డినై అని ఉంటే ఇక అడగవద్దని అర్థం. పదిహేను వరుసల కోడ్‌లు ఈ సున్నాను చూడవు. మందలింపు ప్యాకెట్‌లోని ముద్రలనే సమయంగా తీసుకుంటాయి.

ఇందాక సున్నాలు పంపవద్దన్నాను కదా. ప్రశ్నలోని చివరి ఎనిమిది బైట్లలో మనం ఏది పెడితే దాన్ని సర్వర్ జవాబులోని 6, 7 స్థానాల్లో యథాతథంగా తిప్పి పంపుతుంది. అక్కడ ఒక యాదృచ్ఛిక సంఖ్యను ఉంచి, జవాబులో అదే వచ్చిందో లేదో చూసుకోండి. పాత ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన జవాబు, ఎవరో గుడ్డిగా పంపిన దొంగ జవాబు, రెండూ ఇక్కడే రాలిపోతాయి. దారి మధ్యలో కూర్చుని మన ప్యాకెట్‌ను చదవగలిగే వాడిని మాత్రం ఇది ఆపలేదు. దానికి 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8915గా వచ్చిన నెట్‌వర్క్ టైమ్ సెక్యూరిటీ కావాలి. దాన్ని స్క్రిప్టులో చేత్తో రాయడం వృథా శ్రమ, క్రోనీకి అప్పగించండి.

సర్వర్‌ల పట్ల మర్యాద గురించి కూడా ఒక మాట. 2003లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం టైమ్ సర్వర్ మీదకు ఉన్నట్టుండి ప్యాకెట్ల వరద వచ్చిపడింది. ఇంటింటా వాడే ఒక రకం రౌటర్‌లలో తయారీదారు ఆ సర్వర్ చిరునామాను నేరుగా రాసేయడం, జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్లీ అడిగేలా చేయడం దానికి కారణం. జవాబు రానప్పుడు వెంటనే మళ్లీ అడగడం మనందరి చేతికీ సహజంగా వచ్చే తప్పే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన సర్వర్‌లను నాలుగు సెకన్లకోసారి కంటే తరచుగా అడగవద్దని నియమం పెట్టింది. మన స్క్రిప్టు టైమౌట్ అయితే నాలుగు సెకన్లు ఆగాలి, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పదహారు. 2003లోనే మొదలైన ఎన్‌టీపీ పూల్ పేరును వాడితే, స్వచ్ఛందంగా నడిచే వేల సర్వర్‌ల మధ్య మన భారం పంచుకుంటుంది. ఐపీ చిరునామాను మాత్రం కోడ్‌లో రాయకండి.

ఒకటికి మించిన సర్వర్‌లను అడిగేటప్పుడు లీపు సెకను ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. 1972 నుంచి ఇప్పటికి 27 లీపు సెకన్లు కలిపారు, చివరిది 2016 డిసెంబర్ 31న. గూగుల్ సర్వర్‌లు ఆ అదనపు సెకనును ఒక్కసారిగా చూపకుండా 24 గంటల మీద పలచగా పరుస్తాయి. చాలా సర్వర్‌లు అలా చేయవు. ఈ రెండు రకాలనూ కలిపి అడిగితే ఆ ఒక్క రోజు మధ్యలో అర సెకను దాకా విభేదిస్తాయి, ఎవరిది అబద్ధమో మీ స్క్రిప్టు తేల్చలేదు. 2035 నాటికి లీపు సెకన్లను ఆపాలని 2022లో అంతర్జాతీయంగా తీర్మానించారు కానీ, ఈలోగా రెండు రకాలనూ కలపకపోవడమే క్షేమం.

2036 ఫిబ్రవరి 7న ఎన్‌టీపీ సెకన్ల గడి నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. దీనికి ఒక్క వరుస చాలు. సెకన్ల విలువ రెండు ఘాతం 31 కంటే తక్కువగా వస్తే, దానికి రెండు ఘాతం 32 కలపండి. 2104 వరకు మీ కోడ్‌కు నిశ్చింత. ఆ వరుస ఇవాళే రాసుకోండి.

చివరగా పరీక్ష. నిజమైన సర్వర్‌లతో పరీక్షిస్తే అంతా బాగున్న దారే కనిపిస్తుంది. అందుకని నేను ముప్పై వరుసల్లో ఒక అబద్ధాల సర్వర్ రాసుకున్నాను. అది నా యంత్రంలోనే 1123వ పోర్టులో కూర్చుంటుంది. ఒకసారి స్ట్రాటం సున్నా పంపుతుంది, ఒకసారి 16 పంపుతుంది, ఒకసారి నా యాదృచ్ఛిక సంఖ్యను మార్చి పంపుతుంది, ఒకసారి 2036 తర్వాతి తేదీ పంపుతుంది, ఒకసారి జవాబే ఇవ్వదు. అన్నింటికంటే పనికొచ్చేది మరొకటి ఉంది. టీ3 ముద్ర వేశాక, ప్యాకెట్ వదిలే ముందు 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. అప్పుడు నా ఫంక్షన్ 100 మిల్లీసెకన్ల తప్పు తేడాను చూపించాలి, దాని పక్కన ఇచ్చే హద్దు కూడా 100కు తగ్గకూడదు. మొదటిసారి నడిపినప్పుడు తేడా సరిగ్గా అంతే తప్పింది, హద్దు మాత్రం 50 అని వచ్చింది. వెతికితే, సగం చేయవలసిన చోట నేను రెండుసార్లు సగం చేశానని తెలిసింది.